సెయ్యొగ్గీ బావా!

మా వంటగది గుమ్మానికి పెన్సిలు గీతలుంటాయి. పిల్లలు ఏటా ఎంత ఎదిగారో మా ఆవిడ వాళ్లని గుమ్మానికి ఆనించి నిలబెట్టి గీత గీస్తుంది. ఒక ఏడాది మా చిన్న మనవరాలి తల పాత గీతకన్నా కిందికి వచ్చింది. పిల్ల ఏడుపు లంకించుకుంది, తను తగ్గిపోయానని. మేమూ ఒక్క క్షణం బిత్తరపోయాం. తీరా ఆరా తీస్తే, ముందటేడు గీత గీసినప్పుడు అది వాళ్లమ్మ ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని నిలబడిందట. ఈసారి ఉత్త కాళ్లు. పిల్ల తగ్గలేదు, చెప్పులు తగ్గాయి.

ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. నేను మాత్రం ఆ గీతల వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఇలాంటి గీతే ఒకటి, కంప్యూటరులో గీసింది, మా బావని క్రేను కేబిన్లోంచి కిందికి లాగేయబోయింది. ఇప్పుడు మీలో చాలామంది కంప్యూటరు గీతల కిందే ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి, ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది. నాది ఐదో తరగతి చదువు. రాతలో వంకరలుంటే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం వంకర పోలేదు.

బావ అంటే నా చెల్లెలి మొగుడు కాదు, అక్క మొగుడూ కాదు. విశాఖలో మా పనుల్లో ఉన్నవాళ్లకి తెలుసు, పక్కన పనిచేసేవాడు బావే. ఇద్దరం ఒక ప్రైవేటు కంపెనీ తరఫున ఓడల్లోంచి బొగ్గు దించే క్రేన్ల మీద ఉండేవాళ్లం. ముందు ఇద్దరం డెక్కు మీద కళాసీలం. కింద నిలబడి చెయ్యెత్తి, పైకైతే "అబేస్", కిందికైతే "ఆరియా" అని అరిచే పని. తరవాత కేబిన్లోకి ఎక్కాం. బావ ముందు ఎక్కాడు, నాకు నేర్పించి నన్నూ ఎక్కించాడు. ఆయన్ని బావా అన్నాక ఆయన భార్య నాకు అక్క కావాలి కదా. అలా నాకు తోడబుట్టని అక్క ఒకామె దొరికింది. ఆవిడ వండిన నెత్తళ్ల పులుసు తిన్నాక తోడబుట్టిందా లేదా అన్న ప్రశ్న రాదు.

మా పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే కథ అర్థం కాదు. క్రేనుకి ఇనప తాళ్లతో ఒక పెద్ద పంజా వేలాడుతూ ఉంటుంది. అది ఓడ కడుపులోకి దిగి బొగ్గు పిడికిలి పట్టి లేస్తుంది. పైన పట్టాల మీద బండి దాన్ని ఒడ్డుకి లాక్కొస్తుంది. అక్కడ ఇంటంత గరాటు ఉంటుంది, అందులో పంజా తెరవాలి. చిక్కంతా ఆ తెరిచే దగ్గరే. పైన బండి ఆగుతుంది గానీ కింద పంజా ఆగదు. తాడు కట్టిన చెంబులా ఊగుతుంది. ఊగుతున్నప్పుడు తెరిస్తే సగం బొగ్గు గరాటులో పడుతుంది, మిగతా సగం కిందున్నవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకని పంజా ముందుకి ఊగి, ఇక వెనక్కి మళ్లబోతుందనగా, బండిని ఒక్క పిసరు దాని వెంట తొయ్యాలి. బండి వెళ్లి సరిగ్గా దాని నెత్తిన నిలబడుతుంది. ఊపు చచ్చిపోతుంది. దీన్ని మేం ఊపు పట్టడం అంటాం.

ఇది పుస్తకంలో చెప్పేది కాదు. చేతికి రావాలి. నాకు వచ్చేసరికి చాలా చీవాట్లు పడ్డాయి. బావకి మాత్రం ఊపు పట్టడం ఊపిరి పీల్చడం లాంటిది. "ఆడి పంజా మీద టీ గలాసు ఎట్టినా తొణకదు" అని డెక్కు మీద కళాసీలు చెప్పుకునేవాళ్లు. బావ వింటున్నాడని తెలిస్తే ఇంకా గట్టిగా చెప్పుకునేవాళ్లు, ఎందుకంటే ఆ రోజు టీ డబ్బులు ఆయనే ఇచ్చేవాడు.

నేను ఒకటో క్రేను, బావ రెండో క్రేను. బావ దిగాక ఆ రెండో క్రేను ఎక్కేది ఒక కొత్త ఆపరేటరు. మంచివాడు, కొంచెం మాటకారి.

మా రోజుల్లో పనిని ఓడ ఖాళీ అయిందా లేదా అని చూసేవారు. తరవాత కంప్యూటరు వచ్చింది. పంజా మూసుకున్నది మొదలు గరాటు మీద తెరుచుకునే దాకా ఎంతసేపు పట్టిందో, ప్రతి తిప్పుకీ అది రాసుకునేది. ఆ లెక్కలు చూడటానికి ఒక ఇంజనీరమ్మాయి చేరింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన కూతురు. మేం మేడమ్ అనేవాళ్లం, ఆమె మమ్మల్ని బాబాయ్ గారూ అనేది. ఆమె పనల్లా, ఆ లెక్కలతో కంప్యూటరు గీసిన ఈ వారం గీతని పాత గీత మీద పెట్టి చూడటం. పాతదానికన్నా పని మందగించిందా, అక్కడ ఎర్ర రంగు వేసేది. ఆ కాగితం ఆఫీసు బయట బోర్డుకి అంటించేవాళ్లు. పేర్లు ఉండేవి కావు. కానీ ఏ క్రేను, ఏ షిఫ్టు అని ఉంటే పేరు కావాలా?

అలా నడుస్తుండగా రెండో క్రేనుకి కొత్త ప్రోగ్రాం వేశారు. నచ్చితే తరవాత ఒకటో దానికీ వేస్తామన్నారు. కొత్త ఆపరేటరు పనిలో చేరింది కూడా అప్పుడే. ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీ మనిషి వచ్చి ఏసీ గదిలో గోడ మీద బొమ్మలు వేసి ఇంగ్లీషులో, హిందీలో పాఠం చెప్పాడు. బావ ఆ పాఠానికి వెళ్లి బిస్కెట్ల పాకెట్టుతో తిరిగొచ్చాడు.

"ఏటి సెప్పినాడు బావా?" అన్నాను.

"ఇకమీదట మిషనే సగం పని సేసుకుంతాదంట."

"ఏ సగం?"

"అది సెప్పినపుడే టీ ఒచ్చింది," అన్నాడు బావ.

ఇద్దరం నవ్వుకుని బిస్కెట్లు తిన్నాం. మా దగ్గర ఎవడూ లేచి 'అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అని అడిగే అలవాటు లేదు. తల ఊపేస్తాం. ఇంగ్లీషులో చెప్తే ఇంకా గట్టిగా ఊపుతాం.

ఆ తరవాత బోర్డు మీద కాగితం మారింది. రెండో క్రేను మీద కొత్త ఆపరేటరు షిఫ్టంతా పచ్చగా ఉంది. వరి ఆకుమడిలా. బావ షిఫ్టు ఎర్రగా ఉంది. మరుసటి వారం ఇంకా ఎర్రగా ఉంది. ఒకే క్రేను, ఒకే బొగ్గు. కొత్త ప్రోగ్రాం వచ్చాక నిన్నగాక మొన్న చేరినవాడు పాత గీతని దాటేశాడు, అన్నేళ్లుగా నడిపినవాడు మునుపటికన్నా మందమయ్యాడు. చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? మిషను బాగుపడింది, మనిషి పాడయ్యాడు అనుకుంటాడు. నేనే పరాయివాణ్నయితే నేనూ అదే అనుకునేవాణ్ని.

దానికి తోడు బావకి అప్పుడే కళ్లజోడు వచ్చింది. కొత్త జోడు, బొగ్గు దుమ్ములో మాటిమాటికీ తుడుచుకునేవాడు. అది అందరి కళ్లలో పడింది.

మేనేజరు బావని పిలిచాడు. చెడ్డ మనిషి కాదు, మెల్లగానే చెప్పాడట. కళ్లు, చేతులు డాక్టరుకి చూపిద్దామని, తేడా ఉంటే కింద యార్డులో తేలిక పని ఇస్తామని, జీతం తగ్గదని. జీతం మాట విని మీరు 'మరింకేం' అనుకోవచ్చు. కేబిన్లో ఒకసారి కూర్చున్నవాడికి తెలుస్తుంది. అక్కణ్నించి ఇటు సముద్రం, అటు ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు, మబ్బు లేని రోజు సింహాచలం కొండ కనిపిస్తాయి. పని మొదలెట్టే ముందు కొండ మీది అప్పన్న స్వామికి దండం పెట్టి లివరు పట్టుకుంటాం. అంత ఎత్తున కూర్చున్నవాణ్ని కిందికి దింపి, చేతికి జెండా ఇచ్చి, లారీలకి దారి చూపించమంటే, అది తేలిక పని కాదు.

ఆ మాట బావని ఎంత తినేస్తోందో నాకు అక్క చెప్పింది. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే, గుమ్మంలోనే ఆపి గొంతు తగ్గించి చెప్పింది.

"మీ బావకి ఏటయ్యిందో నువ్వైనా సెప్పు తమ్ముడూ. పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించుకుంటా కూకుంటన్నాడు."

"కుట్టుపని నేర్సుకుంటన్నాడేటి?"

"ఎగతాళొద్దు. ఎక్కిస్తాడు, తీసేత్తాడు. మళ్లా ఎక్కిస్తాడు. సెయ్యి ఒణుకుతాందేమో అని సూసుకుంటన్నాడు."

లోపలికి వెళ్తే బావ గబుక్కున సూది చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుచ్చుకుని "అబ్బా" అన్నాడు. అక్క పులుసు వడ్డించింది. తింటూ తింటూ తల ఎత్తకుండా అడిగాడు.

"ఒరే, నిజం సెప్పు. నాను ముసిలోణ్ని అయిపోనానా?"

"నువ్వూ నానూ ఒక ఈడోళ్లం కాదేటి? మరి నానేటి అయినట్టు?"

"నీ గీత ఎర్రగా నేదు కదా," అన్నాడు.

అది నిజమే. నేను ఒకటో క్రేను, పాత ప్రోగ్రాం. నా గీత ఎప్పుడూ ఎలా ఉందో అలాగే ఉంది.

మర్నాడు నేను మేడమ్ దగ్గరికి వెళ్లాను. వెళ్లేముందే నా తీర్పు నేను రాసేసుకున్నాను: తప్పు గాలిది. రెండో క్రేను సముద్రం వైపు చివర్లో ఉంటుంది. సముద్రపు గాలి ముందు దానికే తగులుతుంది. గాలికి పంజా ఊగుతుంది, అందుకే ఆలస్యం. ఈ మాట నేను చాలా గట్టిగా చెప్పాను, బల్ల మీద చెయ్యి చరిచి మరీ. మేడమ్ ఓపిగ్గా విని, గాలి వేగం కూడా కంప్యూటరు రాసుకుంటుందని చూపించింది. బావ షిఫ్టులో వీచిన గాలే కొత్త ఆపరేటరు షిఫ్టులోనూ వీచింది. అతనికి పచ్చ, బావకి ఎరుపు. నా వాదన అక్కడితో గాలి తీసేసిన టైరయింది.

"మరి నువ్వే గీస్తన్నావు కదమ్మా ఆ ఎరుపు," అన్నాను, కొంచెం కోపంగానే. "నీకెలా అనిపిస్తంది?"

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నాకూ బాగోలేదండీ బాబాయ్ గారూ," అంది. "లెక్క తప్పు కాదు. కానీ ఇక్కడ రెండు మారాయండీ. క్రేను ప్రోగ్రామూ మారింది, ఆయన వయసు పెరిగి కళ్లజోడూ వచ్చింది. రెండూ ఒకేసారి మారితే ఏది కారణమో గీత చెప్పదండి. ఒకదాన్ని కదలకుండా ఉంచి రెండోది మార్చి చూడాలి."

"అంటే?"

"మీరు రెండో క్రేను ఎక్కండి. ఆయన్ని మీ క్రేను ఎక్కనివ్వండి."

ఇంత చిన్న మాట ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవడి క్రేను వాడిది అన్నది మా దగ్గర ఎవడి పళ్లెం వాడిది అన్నట్టు ఉండేది. అందుకే అయి ఉంటుంది. మేనేజరు ఒప్పుకున్నాడు. వచ్చే ఓడ ఒక్కదానికి మార్చి చూద్దాం, ఆ తరవాత డాక్టరు అన్నాడు.

ఓడ వచ్చింది. ఆ పొద్దున్న టీ బండి దగ్గర డెక్కు మనుషులంతా నా చుట్టూ చేరారు. అందరికీ బావంటే ప్రాణం.

"గురూ, నువ్వు పెద్దగా ఏటీ సెయ్యక్కర్నేదు," అన్నాడు ఒక కళాసీ. "రెండో క్రేను మీద కూసింత నిదానంగా పోనీ. నీదీ ఎర్రగా ఒస్తాది. అప్పుడు తప్పు మిషనుదే అయిపోద్ది."

"పంజా గరాటు మీదికొచ్చాక ఒక బీడీ కాల్సుకో," అన్నాడు ఇంకొకడు.

"బీడీ కాలిస్తే సెక్యూరిటీవోడు నన్నే ముందు దింపేత్తాడు," అన్నాను. నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల ఆ మాట నాటుకుంది. వాళ్లు చెప్పింది నా చేతిలో పనే. చెయ్యి కొంచెం బరువు చేసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు, బావ కేబిన్లో ఉండిపోతాడు. నిచ్చెన దగ్గరికి వెళ్లేసరికి అలాగే చేసేద్దామని దాదాపు అనేసుకున్నాను.

అక్కడ బావ నిలబడి ఉన్నాడు. కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"ఆళ్లు నీకు సెప్పింది నాకు తెలుసు," అన్నాడు.

"ఏటి సెప్పినారు? టీ బాగోలేదన్నారు."

"సాల్లే. ఇను. నువ్వు దొంగాట ఆడితే నాకు ఉజ్జోగం ఉంటాది. కాని నాను పైన కూకుని రోజూ అనుకుంటాను, నా సెయ్యి పోయిందో, ఉందో అని. పోయిన సేత్తో అంతెత్తున కూకుని, కింద ఎవుడి మీదో బొగ్గు దింపితే? అది ఒద్దు. నాకు తెలవాల. నీ సేతనైనంత జోరుగా నడుపు. అప్పన్న మీద ఒట్టు."

"సరే," అన్నాను. ఏదో ఒకటి అనకపోతే కళ్లలో నీళ్లు వచ్చేలా ఉన్నాయి, అందుకని, "అప్పన్నకి ఏటి మొక్కుకున్నావు?" అని అడిగాను.

"నెగ్గితే తలనీలాలు ఇచ్చుకుంటాను."

బావ నెత్తి మీద అప్పటికే చెవుల పైన నాలుగు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. "అప్పన్నని కూడా మోసం సేసేత్తన్నావేటి బావా?" అన్నాను. ఆ దెబ్బకి వారాల తరవాత ఆయన నవ్వడం చూశాను.

ఎవరి నిచ్చెన వాళ్లం ఎక్కాం. ఆయన నా క్రేను మీదికి, నేను ఆయన క్రేను మీదికి.

ఆ రోజు నడిపినట్టు నేను ఎప్పుడూ నడపలేదు. కొత్తగా పెళ్లయినవాడు అత్తారింట్లో బావి నీళ్లు తోడినట్టు తోడాను. పంజా దిగడం, పట్టడం, లేవడం అన్నీ బాగానే ఉన్నాయి. గరాటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో తేడా చేసేది. నేను ఊపు పట్టడానికి లివరు ఒక పిసరు తోస్తే బండి రెండు పిసర్లు పోయేది. పంజా వెనక్కి ఊగేది. మళ్లీ పట్టేవాణ్ని, మళ్లీ దాటిపోయేది. నా భుజం మీదుగా ఎవరో చెయ్యి చాపి లివరు లాగుతున్నట్టుండేది. చివరికి పంజా దానంతట అది నిలిచేదాకా ఆగి తెరవాల్సి వచ్చేది. నాకు చెమటలు పట్టేశాయి. 'అయిపోయింది, నేనూ ముసలాణ్నయిపోయాను' అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. బావ ఇన్నాళ్లూ ఏ భయంతో కూర్చున్నాడో ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలిసింది.

మా షిఫ్టు ముగిశాక ఆఫీసులో అందరం చేరాం. మేడమ్ తెర మీద గీతలు పెట్టింది. నాది ఎరుపు, బావంత ఎరుపు. మేనేజరు నిట్టూర్చి, "ఇద్దరూ సీనియర్లే కదమ్మా. ఇద్దరికీ వయసు మీద పడి ఉండొచ్చు," అన్నాడు.

నేను నేల చూపులు చూశాను. బావ నాకన్నా దిగాలుగా ఉన్నాడు. తనతోపాటు నన్నూ ముంచేశాననుకున్నాడేమో.

"సార్, ఒక్క నిమిషం," అంది మేడమ్. "ఇది ఒకటో క్రేను. ఇవాళ ఈయన నడిపారు. దీన్ని నేను కొత్త ఆపరేటరుతో పోల్చడం లేదండి. ఈ బాబాయ్ గారితో కూడా పోల్చడం లేదు. ఆయన్ని ఆయనతోనే పోలుస్తున్నాను. కళ్లజోడు రాకముందు, పాత ప్రోగ్రాం ఉన్నప్పుడు ఆయన గీత ఇది."

తెర మీద ఒక గీత మీద ఇంకో గీత వచ్చి కూర్చుంది. రెండు గీతలు కనిపించలేదు. ఒకటే కనిపించింది. అద్దం మీద అద్దం పెట్టినట్టు అతికిపోయింది.

"అంటే?" అన్నాడు బావ.

"అంటే మీరేం తగ్గలేదండీ. చెయ్యి ఎలా ఉందో అలాగే ఉందండీ."

బావ కళ్లజోడు తీశాడు. తుడవడానికి చొక్కా అంచు పట్టుకున్నాడు గానీ తుడవలేదు. జోడు చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. "ఓలమ్మో," అన్నాడు, ఎవరితోనూ కాదు. మేనేజరు వెళ్లి స్వయంగా మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అందుకే అన్నాను, చెడ్డ మనిషి కాదని.

అయినా చిక్కుముడి సగమే వీడింది. చేతులు బాగున్నాయి, మిషనూ పాడు కాలేదు, కొత్త ఆపరేటరు దాని మీద పరుగులు తీస్తున్నాడు. మరి మాకేం రోగం? మేడమ్ నా తిప్పు గీత ఒకటి, కొత్త ఆపరేటరు తిప్పు గీత ఒకటి తీసి పక్కపక్కన పెట్టింది. అతనిది గరాటు దగ్గర ఒక్క మిట్ట ఎక్కి నున్నగా దిగింది. నాది ఒంటె వీపులా రెండు మూడు మిట్టలు.

"ఇక్కడ మీరు ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది.

"ఏటి సేత్తాం, తెరుస్తాం," అన్నాను.

తెర మీద ఆ మిట్ట వంక చూస్తూ ఉన్న బావ కుడి చెయ్యి దానంతట అది లేచి, గాల్లో ఒక పిసరు ముందుకి తోసింది. ఊపు పట్టింది. ఆయనకే తెలియదు అలా చేసినట్టు. మేడమ్ ఆ చేతినే చూస్తోంది.

"అదేంటండీ మీరు ఇప్పుడు చేసింది?"

"ఏది?"

ఆమె వెళ్లి కొత్త ఆపరేటరుని పిలిపించింది. అక్కడ నువ్వేం చేస్తావని అడిగింది. అతను తెల్లమొహం వేసి, "ఏం చెయ్యను మేడమ్. లివర్ వదిలేస్తాను. అదే ఆగుతుంది కదా," అన్నాడు. అతను కొత్త ప్రోగ్రాం మీదే పని నేర్చుకున్నాడు. ఊపు పట్టడం అనేది ఒకటుందని అతనికి తెలియనే తెలియదు.

ఏసీ గదిలో టీ వచ్చినప్పుడు జారిపోయిన సగం అదన్నమాట. కొత్త ప్రోగ్రాం ఊపుని తనే పట్టుకుంటుంది. మనిషి కూడా పడితే ఇద్దరి తోపూ కలిసి బండి దాటిపోతుంది. మా ఇంట్లో ఒకసారి మా ఆవిడ సాంబారులో ఉప్పు వేసి పూజగదిలోకి వెళ్తే, అత్తగారు మరిచిపోయారనుకుని కోడలు మళ్లీ వేసింది. ఇద్దరూ వంట వచ్చినవాళ్లే. సాంబారు మాత్రం నోట పెట్టలేకపోయాం. మాదీ అంతే. ఊపు పట్టడం ఎంత బాగా వస్తే అంత ఎరుపు.

"పైకెళ్లి చూద్దాం," అంది మేడమ్. హెల్మెట్టు పెట్టుకుని, బావ వెనకాల తనూ నిచ్చెన ఎక్కింది. మేనేజరూ నేనూ కూడా ఎక్కాం. కేబిన్లో ముగ్గురికే చోటుంటే నేను తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బావ తన కుర్చీలో కూర్చుని కొండవైపు దండం పెట్టి లివరు పట్టాడు. పంజా లేచింది, ఒడ్డుకి వచ్చింది.

"ఇప్పుడు రిలీజ్ చెయ్యండి," అంది మేడమ్.

బావ పంజా రిలీజ్ చెయ్యమందనుకుని తెరవబోయాడు. "అది కాదండీ, జాయ్‌స్టిక్ న్యూట్రల్‌లో పెట్టండి," అంది ఆమె కంగారుగా. ఆయన అటూ ఇటూ చూశాడు. ఈలోపు పంజా ఊగింది, చెయ్యి పట్టేసింది, బండి దాటిపోయింది.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. అన్నేళ్ల అలవాటు. పడిపోతున్న పిల్లాణ్ని పట్టుకోవద్దంటే చెయ్యి వింటుందా? ఈసారి పంజా ఒడ్డుకి వస్తుండగా నాకిక ఆగలేదు.

"సెయ్యొగ్గీ బావా!" అని అరిచాను. "ఒగ్గీ! ఊపు అదే పట్టుకుంతాది, నువ్వు ఒగ్గీ!"

ఒగ్గేయడమంటే మా వైపు వదిలేయడం. ఆ మాట నేరుగా ఆయన చేతికి వినిపించింది. బావ లివరు మీది నుంచి చెయ్యి తీసి, అది మళ్లీ ఎక్కడికి పోతుందోనని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

పంజా ముందుకి ఊగింది. మా బండి మేం తోయకుండానే ఒక పిసరు కదిలి దాని నెత్తిన నిలబడింది. ఊపు చచ్చిపోయింది. అచ్చం బావ పట్టినట్టు.

కింద డెక్కు మీద ఎవరో ఈల వేశారు. బావ మాత్రం ఆ పంజా వంక చూస్తూ, "బాగానే పట్టింది రా," అన్నాడు. తన కొడుకు మొదటిసారి సైకిలు తొక్కితే చూసినవాడిలా అన్నాడు. కొంచెం గర్వం, కొంచెం దిగులు.

ఆ తరవాత సంగతులు తేలికే. డాక్టరు మాట ఎవరూ ఎత్తలేదు. మేడమ్ చెప్పి ఆ ఏసీ గది పాఠాన్ని కేబిన్లో, తెలుగులో మళ్లీ చెప్పించింది. గాలి మరీ ఎక్కువైన రోజున మిషను సాయం తీసేసి చేత్తోనే నడిపేలా ఒక మీట కూడా పెట్టించారు. అలాంటి రోజుల్లో కొత్త ఆపరేటరుకి పని సాగేది కాదు. "మావయ్యా, ఊపు పట్టడం నేర్పవా," అని బావ వెంట పడ్డాడు. బావ నేర్పాడు, నాకు పెట్టిన చీవాట్లన్నీ అతనికీ పెట్టి. బోర్డు మీది కాగితం ఆకుపచ్చకి తిరిగాక జనం దాన్ని చూడటం మానేశారు. పచ్చగా ఉంటే ఎవడు చూస్తాడు?

మొక్కు తీర్చడానికి సింహాచలం వెళ్లాం, బావ, అక్క, నేను, మా ఆవిడ. కేశఖండనశాలలో కూర్చున్న మంగలి బావ నెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి తియ్యాల బాబూ?" అని అడిగాడు. అక్క నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. చివరికి బావ మీసం ఇచ్చేశాడు. మీసం లేని మొహంతో కొండ దిగుతుంటే ఆయన నాకన్నా చిన్నవాడిలా కనిపించాడు. ఆ మాట నేను ఆయనతో అనలేదు, నెత్తికెక్కుతుందని.

రిటైరయ్యే రోజు దాకా బావ ఆ కేబిన్లోనే ఉన్నాడు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని.

పిల్లలకి ఒకటే చెప్తాను. మీ గీత ఎర్రబడితే ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, గీతనీ తిట్టకండి. పక్కవాడి గీత పక్కన పెట్టి చూసుకునే ముందు మీ పాత గీత పక్కన పెట్టుకోండి. అప్పుడు కాళ్లకి చెప్పులున్నాయా లేదా అని కూడా చూసుకోండి. అర్థం కానప్పుడు తల ఊపకండి, టీ వచ్చినా సరే.

బావ ఇప్పుడు సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఈమధ్య మా చిన్న మనవరాల్ని తీసుకుని వెళ్లాను. కాలనీ పార్కులో ఉయ్యాలుంది. పిల్ల ఎక్కి కూర్చుని ఎంత పైకి పోతే అంత పైకి పోయింది. పోయాక భయం వేసి, దిగుతానని కేకలు మొదలెట్టింది. నేను లేచి గబగబా వెళ్లేలోపే బావ ఉయ్యాల ముందు నిలబడ్డాడు. మీద పడుతున్న ఉయ్యాలకి ఎదురు వెళ్లలేదు. అది తన దాకా వచ్చి, ఇక వెనక్కి మళ్లబోతుందనగా, అరచెయ్యి పలక కింద పెట్టి, దానితో ఒక్క అడుగు నడిచాడు. ఉయ్యాల నిలిచిపోయింది. పిల్ల జుట్టు కూడా ముందుకి తూలలేదు.

"తాతా, ఎలా ఆపావు?" అంది పిల్ల.

బావ తన చేతి వంక ఒకసారి చూసుకుని, దాన్ని వెనక జేబులో పెట్టుకున్నాడు.